ఇస్తాంబుల్‌లో ఆదివారం మెనెమెన్

బెషిక్తాష్‌లో ఒక సందు ఉంది. అటూ ఇటూ అన్నీ పొద్దుటి తిండి పెట్టే హోటళ్లే. తుజ్లా షిప్‌యార్డుకు పనిమీద వచ్చాక దొరికిన మొదటి సెలవు రోజున అక్కడికే వెళ్లాను. బల్లల నిండా చిన్న చిన్న గిన్నెలు, చుట్టూ కుటుంబాలు, కాలేజీ పిల్లలు. చూస్తేనే ఆకలి పుట్టింది. లోపలికి వెళ్లి, పక్క బల్ల మీదున్నది చూపించి అదే కావాలన్నాను. వెయిటర్ రెండు వేళ్లు చూపించాడు. అది ఇద్దరికి తక్కువ పెట్టరట. "ఒక్కడినే" అని నేను ఒక వేలు చూపించాను. ఆ కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు, కానీ నాకు మనసు చివుక్కుమంది. ఏమీ తినకుండా బయటికొచ్చేశాను. రోడ్డు మీద బండివాడి దగ్గర ఒక సిమిత్ కొనుక్కుని, ఆ నువ్వుల రొట్టె నములుతూ పడవల రేవులో కూర్చున్నాను. అప్పుడే విశాఖ నుంచి అమ్మ ఫోన్. "టిఫిన్ చేశావా నాన్నా?" అంటే చేశానన్నాను.

ఆ హోటల్లో పక్క బల్ల మీద చూసిన తిండిని సెర్ప్మె కహ్వాల్తి అంటారు. కహ్వాల్తి అంటే ఉదయపు తిండి. కాఫీకి ముందు తినేది అని ఆ మాటకు అర్థం. సెర్ప్మె అంటే బల్లంతా పరిచిపెట్టడం. నాలుగైదు రకాల చీజు, ఆలివ్ కాయలు, టమాటా, కీరా ముక్కలు, జాములు, వెన్న, తేనెతో మీగడ, గుడ్లు, రొట్టె, ఆగకుండా టీ. నలుగురు కూర్చుని రెండు గంటలు తినేందుకు ఏర్పడిన భోజనం అది. ఉద్యోగానికి ఒంటరిగా వచ్చినవాడు ఎక్కడ తినాలన్నది తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. కొత్తగా వచ్చేవాళ్లకు అన్ని నెలలు పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

నేను చేసేది ఓడ యజమాని తరఫున రిపేర్లు చూసుకునే పని. ఓడ డ్రై డాక్‌లో, అంటే నీళ్లు తోడేసి రిపేరు చేసే చోట, ఉన్నన్నాళ్లూ ఆదివారాలు కూడా సరిగ్గా దొరకవు. శీతాకాలంలో మర్మరా సముద్రం మీంచి వచ్చే గాలికి డెక్ మీద చేతులు కొంకర్లు పోయేవి. మా డాక్‌లో ఓడ ఉక్కు ప్లేట్లు మార్చే వెల్డర్ల బృందానికి ఒక పెద్దాయన ఉండేవాడు. అందరూ ఆయన్ని ఉస్తా అనే పిలిచేవాళ్లు. మన మేస్త్రీ లాంటి మాట, కానీ అందులో గౌరవం ఇంకాస్త ఎక్కువ. ఒకరోజు రాత్రంతా ట్యాంకు టెస్టింగ్ చేసి తెల్లవారాక గేటు దాటుతుంటే, ఆయన నా భుజం పట్టుకుని ఎదురుగా ఉన్న చిన్న హోటల్లోకి తీసుకెళ్లాడు. నాలుగు బల్లలు, ఒక పొయ్యి. ఆయన అడిగింది ఒకటే, మెనెమెన్.

పొయ్యి దగ్గర నిలబడి చూశాను. రెండు పక్కలా పిడులున్న పలచటి చిన్న పెనంలో వెన్న వేశాడు. పొడవాటి పచ్చిమిరపకాయలు తరిగి మగ్గించాడు. చూడటానికి మన మిర్చిలా ఉంటాయి కానీ చాలావరకు కారం ఉండదు. తర్వాత తొక్కతీసిన టమాటా వేసి, నీరు ఇగిరి గుజ్జయ్యేదాకా ఆగాడు. ఆ పైన గుడ్లు కొట్టి, గరిటెతో రెండు మూడుసార్లు తిప్పి, ఇంకా తడిగా ఉండగానే దించేశాడు. మన గుడ్డు పొరటుకు అలవాటుపడ్డ కంటికి అది ఉడకనట్టే కనిపిస్తుంది. పసుపు లేదు, పోపు లేదు. పెనం అలాగే తెచ్చి మధ్యలో పెట్టారు. ఉస్తా రొట్టె విరిచి సగం నాకిచ్చి, పెనంలో తనవైపు నుంచి తినడం మొదలుపెట్టాడు. నేను నావైపు నుంచి తిన్నాను. అప్పటికి మా ఇద్దరికీ కలిసిన మాటలు ఇరవై కూడా ఉండవు. నాన్న హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసేవారు. డ్యూటీకి వెళ్లే ముందు అమ్మ ఆయనకు చద్దన్నం పెడుతుంటే పక్కన కూర్చుని ఒక ముద్ద అడిగేవాణ్ని. ఆ పొద్దున అదే గుర్తొచ్చింది.

మెనెమెన్ ఒంటరివాడి వంటకం అని నాకు ఆ రోజే తెలిసింది. ఒక పెనం, ఒక రొట్టె, ఒక గ్లాసు టీ చాలు, కడుపు నిండుతుంది. ఇజ్మీర్ దగ్గర మెనెమెన్ అనే ఊరు కూడా ఉంది. ఇందులో ఉల్లిపాయ వేయాలా వద్దా అన్నది తుర్కియేలో, అంటే టర్కీలో, పెద్ద తగువు. ఆహార విమర్శకుడు వేదాత్ మిలోర్ 2018లో ట్విటర్‌లో ఇదే అడిగితే 4 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. ఉల్లిపాయ పక్షం కొద్ది తేడాతో నెగ్గింది. మా ఉస్తా మాత్రం ఉల్లిపాయ వేస్తే అది మెనెమెనే కాదంటాడు. నేనూ ఆయన పక్షమే. టమాటా పులుపుకూ వెన్నకూ మధ్య ఉల్లిపాయ తీపి అడ్డొస్తుంది.

ఇక ఊళ్లో ఎక్కడంటే. తుజ్లా వైపు నుంచి వెళ్లేవాళ్లకు మర్మరాయ్ రైలు ఉంది. టికెట్‌కు బదులు వాడే ఇస్తాంబుల్‌కార్ట్ అనే కార్డు గీకి ఎక్కితే ఉస్కుదార్ దాకా ముప్పావు గంట పైచిలుకు. అక్కడ రేవులో పడవ ఎక్కితే బెషిక్తాష్. అదే రైలు 2013లో తెరిచిన సొరంగంలోంచి, బోస్ఫరస్ అడుగు నుంచి ఐరోపా ఒడ్డుకు కూడా వెళుతుంది. అయినా సెలవు రోజు పొద్దున పడవే మంచిది. ఒక్కరే అయితే ఇస్తిక్లాల్ వీధి పక్కన సద్రి అలిషిక్ సందులో లాదెస్ మెనెమెన్‌కు వెళ్లండి. పేరులోనే ఉంది అక్కడి వంట. ఒంటరిగా వచ్చినవాణ్ని ఎవరూ వింతగా చూడరు. బెషిక్తాష్ సందులోనే తినాలనుకుంటే సెర్ప్మె అడగకుండా "కహ్వాల్తి తబా" అనండి. ఒక మనిషికి సరిపడా పళ్లెం అది. పక్కన మెనెమెన్ విడిగా చెప్పుకోవచ్చు. ఈ ముక్క మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రేవులో సిమిత్‌తో కూర్చునేవాణ్ని కాదు.

నలుగురు తోడుంటే జిహాంగీర్‌లో వాన్ కహ్వాల్తి ఎవికి వెళ్లాలి. వాన్ అంటే దేశానికి తూర్పు కొసన సరస్సు పక్కనున్న ఊరు. పొద్దుటి తిండికి దానంత పేరు మరో ఊరికి లేదు. 2014లో ఆ ఊళ్లో 50 వేలకు పైగా జనం ఒకేసారి కూర్చుని కహ్వాల్తి తిని గిన్నిస్ రికార్డు కొట్టారు. అక్కడ ముర్తుగా తప్పకుండా తినండి. పిండిని వెన్నలో వేయించి అందులో గుడ్లు కలుపుతారు. కవుత్ అని ఇంకొకటి, వేయించిన గోధుమల పిండితో చేసేది. నోట్లో పెట్టుకోగానే మా అమ్మమ్మ చేసే పేలపిండి వాసనే. కాయ్‌మాక్ అంటే మీగడ. గేదె పాలదైతే ఇంకా మంచిది. తేనె పోసుకుని రొట్టెతో తింటారు. పాల మీద మీగడ కోసం అన్నదమ్ములతో పోట్లాడినవాళ్లకు దాని రుచి నేను చెప్పక్కర్లేదు.

మనవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. సుజుక్, పాస్తిర్మా అనేవి మామూలుగా ఎద్దు మాంసంతో చేస్తారు. గుడ్లలో వేసి ఇస్తుంటారు. అది తిననివాళ్లు ముందే "ఎత్‌సిజ్" అని చెప్పాలి, మాంసం లేకుండా అని. కారం కావాలంటే "పుల్ బిబెర్" అడగండి, ఎండుమిర్చి పలుకులు తెచ్చిస్తారు. చిల్బిర్ మాత్రం అన్నిచోట్లా దొరకదు. వెల్లుల్లి కలిపిన పెరుగు మీద నీళ్లలో ఉడికించిన గుడ్డు పెట్టి, పైన ఎర్ర మిరప వేసి కాచిన వెన్న పోస్తారు. పెరుగూ గుడ్డూ కలిపి ఎలా తింటారని నేను ఏడాది పాటు దూరం పెట్టాను. ఆ ఏడాది వృథా అయిందని ఇప్పుడు బాధగా ఉంది.

తిని లేచేటప్పుడు వండినవాళ్లతో "ఎలినిజె సాలిక్" అనండి. మీ చేతులు చల్లగా ఉండాలి అన్నట్టు. ఆ మాటకు వాళ్ల ముఖం విప్పారుతుంది.

మొన్న మా డాక్‌కు వచ్చిన ఓడలో నలుగురు తెలుగు కుర్రాళ్లు ఉన్నారు. ఇద్దరిది శ్రీకాకుళం, ఒకరిది భీమిలి, ఒకరిది కాకినాడ. ఏడు నెలలుగా ఓడ తిండే. ఆదివారం షోర్ లీవ్, అంటే ఓడ దిగి ఒడ్డుకు వెళ్లే సెలవు, దొరకగానే అందర్నీ రైలెక్కించాను. బెషిక్తాష్‌లో పడవ దిగి ఆ సందులోకి, నేను మొదటిసారి వెళ్లిన హోటల్‌కే తీసుకెళ్లాను. ఎంతమంది అని వెయిటర్ అడిగాడు.

"బెష్ కిషి" అన్నాను. ఐదుగురం.

రెండు బల్లలు కలిపి వేశారు. ముందు టీ వచ్చింది. మెనెమెన్‌లో ఉల్లిపాయ వేయమని చెప్పనా అన్నా, అని భీమిలి కుర్రాడు అడిగితే, ఒక పెనం వేసి, ఒకటి వేయకుండా చెప్పమన్నాను.