మొలలే అనుకుని ఎనిమిది నెలలు

మలంలో రక్తం మొదటిసారి చూసినప్పుడు నాకు 44 ఏళ్ళు. మొలలే అనుకున్నాను. చూపించుకున్న డాక్టరు కూడా లోపల పరీక్ష ఏమీ చేయకుండానే మొలలకి మందు రాసిచ్చారు, వాడితే తగ్గినట్టే తగ్గి మళ్ళీ కనపడేది, అలా ఎనిమిది నెలలు గడిచిపోయాయి. ఈలోగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ 8.2కి పడిపోయింది. నెలసరి వల్లేనని ఐరన్ మాత్రలు వేసుకుంటూ కూర్చున్నాను. ఆడవాళ్ళకి రక్తం తక్కువుందంటే ఇంకో కారణం కూడా ఉండొచ్చని చాలామందికి తోచదు, నాకూ తోచలేదు.

చివరికి వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఆవిడ ముందుగా అడిగింది, "మీ ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందా?" అని. నాన్నకి 52వ ఏట పేగు ఆపరేషన్ అయిందని మాత్రమే నాకు తెలుసు. అది క్యాన్సరేనని అమ్మని గుచ్చి గుచ్చి అడిగితే గానీ చెప్పలేదు. అమ్మానాన్నలకో తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చి ఉంటే 40 ఏళ్ళకే, లేదా వాళ్ళకి బయటపడిన వయసుకి పదేళ్ళ ముందే, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ, అంటే మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టం పంపి పెద్దపేగుని లోపల చూసే పరీక్ష, చేయించుకోవాలట. ఇంట్లో ఎవరికీ లేనివాళ్ళకి కూడా పరీక్షలు మొదలుపెట్టే వయసుని అమెరికాలో 2021లో 50 నుంచి 45కి తగ్గించారు.

కొలనోస్కోపీ అంటే భయపడ్డాను కానీ ముందురోజు ఆ మందునీళ్ళు తాగి రాత్రంతా బాత్రూమ్‌కి తిరగడమే కష్టం, పరీక్ష జరిగిందన్న సంగతి కూడా మత్తులో తెలియలేదు. పెద్దపేగు చివరి భాగంలో గడ్డ కనపడింది. ముక్క తీసి బయాప్సీకి పంపారు, రిపోర్టు వచ్చేదాకా ఆ టెన్షన్ చెప్పలేను. క్యాన్సరే. తర్వాత సీటీ స్కాన్, ఆపరేషన్. తీసిన 17 లింఫ్ గ్రంథుల్లో రెండింట్లో ఉంది, అంటే స్టేజ్ 3. ఆర్నెల్లు కీమో. ఫ్రిజ్‌లోంచి ఏదైనా తీస్తే వేళ్ళు కరెంట్ కొట్టినట్టు జివ్వుమనేవి, అరికాళ్ళ తిమ్మిరి ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒక్క మాట. ఈ క్యాన్సర్ చాలావరకు పేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న కండలా, అంటే పాలిప్‌గా మొదలై, ముదరడానికి సాధారణంగా పదేళ్ళ దాకా పడుతుందట, ఆ దశలో దొరికితే కొలనోస్కోపీలోనే తీగతో కత్తిరించి తీసేస్తారట. 40 ఏళ్ళకి చేయించుకుని ఉంటే నాదీ బహుశా అంతటితో పోయేదే. నాన్న జబ్బు పేరు ఇంట్లో పైకి చెప్పుకుని ఉంటే చాలు. ఎవర్నీ తప్పుపట్టను, వాళ్ళ భయం వాళ్ళది, కానీ ఆ ఏడుపు మాత్రం ఇంకా వస్తూనే ఉంటుంది.

ఆపరేషన్ అయిన ఏడాదికి చేసిన కొలనోస్కోపీ శుభ్రంగా వచ్చింది. తమ్ముడికి 41. నాకేం లక్షణాలు లేవు కదా అని వాయిదా వేస్తూ వచ్చాడు, పోట్లాడి పంపించాను. సాయంత్రం ఫోన్ చేశాడు. "అక్కా, రెండు పాలిప్స్ ఉన్నాయి, ఒకటి సెంటీమీటరు దాటింది. రెండూ తీసేశారు. మూడేళ్ళకి మళ్ళీ రమ్మన్నారు."