టీనా బ్రూక్స్‌ని తేదీల వరుసలో విన్నాను

శాక్సఫోన్ అనగానే మనలో చాలామందికి కద్రి గోపాల్‌నాథ్ కచేరీలు గుర్తుకు వస్తాయి. నేనూ ఆ దారిలోనే జాజ్ దాకా వెళ్లి, చివరికి టీనా బ్రూక్స్ అనే అమెరికన్ టెనర్ శాక్సఫోన్ విద్వాంసుడి గురించి తెలుగులో ఒక వ్యాసం రాయడానికి పూనుకున్నాను. ఆయన అసలు పేరు హెరాల్డ్ ఫ్లాయిడ్ బ్రూక్స్. 1932లో నార్త్ కరోలినాలోని ఫేయెట్‌విల్‌లో పుట్టారు. టీనా అన్నది చిన్నప్పటి ముద్దుపేరు.

ఆల్బమ్‌లు విడుదలైన తేదీలను పట్టుకుని ఈయన జీవితం రాయడం కుదరదు. బ్లూ నోట్ అనే జాజ్ రికార్డు సంస్థకు సొంత పేరు మీద నాలుగు ఆల్బమ్‌లకు సరిపడా సంగీతం రికార్డు చేస్తే, బతికుండగా బయటికి వచ్చింది ‘ట్రూ బ్లూ’ ఒక్కటే. అందుకని సెషన్ (రికార్డింగ్ కోసం స్టూడియోలో కూర్చున్న విడత) వివరాలు ముందు పెట్టుకుని, ఇతరుల ఆల్బమ్‌లలో వాయించినవి కూడా కలిపి, రికార్డు అయిన వరుసలోనే వింటూ రాసుకున్నాను.

అలా వింటే సొంత పేరు మీద మొదట ఎదురయ్యేది 1958 మార్చి 16. రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ అప్పటికింకా న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో తన తల్లిదండ్రుల ఇంటి ముందు గదిలోనే రికార్డింగులు చేస్తున్నారు. లీ మోర్గన్ ట్రంపెట్, సోనీ క్లార్క్ పియానో, ఆర్ట్ బ్లేకీ డ్రమ్స్. ఇంతమంది హేమాహేమీల నడుమ కూడా బ్రూక్స్ గొంతు పెంచరు. వాక్యం వెంట వాక్యం అల్లుకుంటూ, పాట నడక చెడకుండా సోలోను పూర్తి చేస్తారు. ఆ రోజు రికార్డు చేసిన ‘మైనర్ మూవ్’ ఆల్బమ్ 1980లో గానీ విడుదల కాలేదు, అదీ జపాన్‌లో.

నేను ఎక్కువ కాలం ఆగిపోయింది 1960 జూన్ దగ్గర. 19న ట్రంపెట్ వాద్యకారుడు ఫ్రెడ్డీ హబ్బర్డ్ తొలి ఆల్బమ్ ‘ఓపెన్ సెసమీ’లో వాయించారు, దాని శీర్షిక బాణీ, ‘జిప్సీ బ్లూ’ రెండూ బ్రూక్స్ కట్టినవే. 25న అదే హబ్బర్డ్‌ని పక్కన పెట్టుకుని ‘ట్రూ బ్లూ’ చేశారు. అందులోని ఆరు బాణీలలో ఐదు ఆయనవే. వారం తిరగకుండా చేసిన ఈ రెండింటినీ వెంటవెంటనే విన్నాక, ఆయన్ని కేవలం మంచి వాద్యకారుడిగా లెక్కగట్టడం అన్యాయమనిపించింది. నా దృష్టిలో ఆయన ముందుగా స్వరకర్త.

ఆ ఏడాదే చేసిన ‘బ్యాక్ టు ది ట్రాక్స్’కి కేటలాగ్ సంఖ్య కూడా కేటాయించి, విడుదల మాత్రం చేయలేదు. 1961 మార్చి 2 నాటి సెషన్ తర్వాత సొంత పేరు మీద మరో రికార్డు లేదు. హెరాయిన్ వ్యసనం ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. 1974 ఆగస్టు 13న, 42 ఏళ్ల వయసులో, కాలేయం చెడిపోయి మరణించారు. మొజాయిక్ సంస్థ నాలుగు ఎల్పీల పెట్టెగా ఆయన క్వింటెట్ (ఐదుగురి బృందం) సెషన్లన్నీ తెచ్చింది 1985లో.

వ్యాసంలో సగానికి పైగా 1958 నుంచి 1961 దాకా నడిచిన ఆ మూడేళ్లకే ఇచ్చాను. కొత్తగా వినేవారు మాత్రం తేదీల జోలికి పోకుండా ‘ట్రూ బ్లూ’లోని ‘గుడ్ ఓల్డ్ సోల్’తో మొదలుపెట్టడమే మేలు.