మౌంట్ మిచెల్ మీద మబ్బులో ఒక పూట

మౌంట్ మిచెల్ వెళ్తున్నాం అని చెప్పగానే షార్లెట్‌లో మా తెలుగువాళ్ళు చాలామంది ఒకటే మాట అన్నారు, పొద్దున్నే వెదర్ చూసుకోండి, పైన మబ్బుంటే వెళ్ళడం దండగ అని. ఆ మాట తప్పని చెప్పడానికే ఈ పోస్ట్ రాస్తున్నాను. మేం వెళ్ళిన రోజు కొండ మొత్తం మబ్బులోనే ఉంది, దిగి వచ్చేదాకా ఒక్కసారి కూడా తెరిపి ఇవ్వలేదు, అయినా అమెరికాలో అమ్మానాన్నలని తిప్పిన చోట్లన్నింటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

తెలియనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. నార్త్ కరోలినాలో, ఆష్‌విల్‌కి దాదాపు 35 మైళ్ళ దూరంలో బ్లాక్ మౌంటెన్స్ అనే వరసలో ఉంటుంది ఈ కొండ. ఎత్తు 6,684 అడుగులు, అంటే 2,037 మీటర్లు. మిసిసిపీ నదికి తూర్పున ఉన్న అమెరికా మొత్తంలో ఇంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. ఆ శిఖరం, దాని చుట్టుపక్కల అడవి కలిపి స్టేట్ పార్క్, ఆ రాష్ట్రంలో మొట్టమొదటి స్టేట్ పార్క్ కూడా ఇదే. ఎంట్రీ ఫీజు లేదు. కారు దాదాపు కొస దాకా వెళ్తుంది, అక్కడి నుంచి కాస్త దూరం నడిస్తే చాలు.

దారి గురించి ఎక్కువ చెప్పను, కొండల మీదుగా పోయే బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే రోడ్డు గురించి రాయనివాళ్ళు లేరు. 355వ మైలురాయి దగ్గర ఎన్‌సీ 128 అనే రోడ్డులోకి తిరగాలి, అక్కడి నుంచి ఇంకో ఐదు మైళ్ళు. పార్క్‌వే మీద పెట్రోల్ బంకులుండవు, ఆష్‌విల్‌లోనే ట్యాంక్ నింపుకోండి. మలుపులు ఎక్కువ, వాంతులయ్యేవాళ్ళుంటే ముందు సీట్లో కూర్చోబెట్టండి. కానీ ఈ దారిలో ఫోన్ పక్కన పెట్టి చూడాల్సింది ఒకటుంది, ఎత్తు పెరిగేకొద్దీ చెట్లు మారిపోవడం. కింద ఓక్, మేపుల్ లాంటి వెడల్పు ఆకుల చెట్లు, తర్వాత బీచ్, బర్చ్, ఇంకా పైకి పోతే అవన్నీ పలచబడి నల్లగా కనిపించే స్ప్రూస్, ఫర్ చెట్లు మొదలవుతాయి. ఇలాంటి అడవి మామూలుగా కెనడాలో ఉంటుంది. మంచు యుగంలో ఉత్తరాన చలి పెరిగినప్పుడు ఈ రకం అడవి దక్షిణానికి వ్యాపించింది, మళ్ళీ వేడెక్కాక కింది లోయల్లో బతకలేక చల్లగా ఉన్న కొండ కొసలకి చేరుకుని అక్కడే మిగిలిపోయింది. అంటే ఒక గంట డ్రైవ్‌లో మనం ఉత్తరానికి కొన్ని వందల మైళ్ళు వెళ్ళినట్టు లెక్క. నాన్నకి ఇది చెప్పినప్పటి నుంచి కిటికీలోంచి చూపు తిప్పలేదు.

పైన పార్కింగ్‌లో కారు డోరు తీయగానే గాలి ఒక్క తోపు తోసింది. ఆష్‌విల్‌లో ఏసీ వేసుకుని వచ్చినవాళ్ళం, ఇక్కడ శాలువాలు వెతుక్కున్నాం. అమ్మ అయితే "ఏమే, ఎండాకాలం అన్నావుగా, ఇదేం ఎండాకాలం?" అంది. నవ్వాను గానీ నిజానికి ఈ కొండ చలికి పెట్టింది పేరు, ఆ రాష్ట్రంలో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత ఇక్కడిదే, 1985 జనవరిలో మైనస్ 34 డిగ్రీల ఫారెన్‌హీట్. జూలైలో వెళ్ళినా స్వెటర్ పట్టుకెళ్ళండి.

పార్కింగ్ నుంచి కొసకి సిమెంట్ బాట ఉంది. దూరం తక్కువే గానీ ఏటవాలు బాగానే ఉంటుంది. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మధ్యమధ్యలో ఆగుతూ తనంతట తనే ఎక్కింది. కొస మీద నిలబడి చుట్టూ చూడడానికి 2009లో తెరిచిన ఇప్పటి టవర్‌కి మెట్లు లేవు, చుట్టూ వాలుగా ర్యాంప్ ఉంది, పైన గుండ్రటి వేదిక. వీల్‌చైర్‌లో ఉన్న ఒక పెద్దాయన్ని ఆయన మనవరాలు కాబోలు, నెమ్మదిగా తోసుకుంటూ పైకి తెచ్చింది. ఇంత ఎత్తైన శిఖరం మీదికి కాళ్ళల్లో సత్తువ లేనివాళ్ళు కూడా రాగలగాలి అని ఎవరో ఆలోచించి కట్టారు చూడండి, దానికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

వేదిక మీద నుంచి కనిపించింది తెలుపు, అంతే. ఏ దిక్కున ఏ శిఖరం ఉందో చెప్పే బోర్డులున్నాయి గానీ శిఖరాలు లేవు. చాలామంది ఒక సెల్ఫీ దిగి, ఛ అనుకుంటూ అయిదు నిమిషాల్లో వెనక్కి దిగిపోతున్నారు. దిగేటప్పుడు వాళ్ళంతా టవర్ మొదట్లో ఉన్న సమాధి పక్కనుంచే వెళ్ళారు. నాన్న అక్కడ ఆగాడు. "ఇంత పైన ఎవర్ని పూడ్చిపెట్టారమ్మా?" అన్నాడు.

ఎలైషా మిచెల్. చాపెల్ హిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినాలో ప్రొఫెసర్, మతబోధకుడు కూడా. ఆయన రోజుల్లో తూర్పు అమెరికాలో అన్నిటికన్నా ఎత్తైనది న్యూ హాంప్‌షైర్‌లోని మౌంట్ వాషింగ్టన్ అని అందరి నమ్మకం. కాదు, ఈ బ్లాక్ మౌంటెన్స్ అంతకన్నా ఎత్తు అని 1835లో కొలిచి చెప్పింది ఈయన. ఎలా కొలిచాడనుకున్నారు? బారోమీటర్‌తో. ఇంటర్‌లో ఫిజిక్స్ ల్యాబ్ గోడకి వేలాడే ఫోర్టిన్స్ బారోమీటర్ గుర్తుందా, పాదరసం గొట్టం, పక్కన స్కేలు? పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి పాదరసం కిందికి దిగుతుంది. కింద ఎత్తు తెలిసిన ఊళ్ళో ఒక రీడింగ్, కొండ మీద ఇంకో రీడింగ్ తీసుకుని, ఉష్ణోగ్రతకి సవరణలు వేసి, తేడాని బట్టి ఎత్తు కట్టాలి. దారీ తెన్నూ లేని అడవిలో, రోడోడెండ్రాన్ పొదల్లోంచి దూరుకుంటూ, ఎలుగుబంట్లు తొక్కిన దారుల్లో, పగిలితే పని మొత్తం పాడయ్యే గాజు గొట్టం మోసుకుంటూ చేయాల్సిన పని అది. మళ్ళీ మళ్ళీ వచ్చి సరిచూసుకుని, 1844లో ఆయన తేల్చిన లెక్క 6,672 అడుగులు. ఇప్పటి లెక్కకీ దానికీ తేడా పన్నెండు అడుగులు! నాన్న బోర్డు ముందు నిలబడి ఆ రెండు అంకెలూ పైకే చదివి తీసివేత చేసుకున్నాడు, "పాదరసంతోనా?" అని మళ్ళీ అడిగాడు.

తర్వాత కథ బాధగా ఉంటుంది. ఆయన దగ్గరే చదువుకున్న థామస్ క్లింగ్‌మన్ అనే రాజకీయ నాయకుడు 1850లలో గొడవ లేవదీశాడు, మిచెల్ ఎక్కింది అసలు శిఖరం కాదు, నిజంగా ఎత్తైనదాన్ని కొలిచింది నేను అని. పత్రికల్లో వాదోపవాదాలు జరిగాయి. ఇంకొకరైతే ఉత్తరాలతో సరిపెట్టుకునేవాళ్ళేమో, మిచెల్ మాత్రం మళ్ళీ కొలిచి చూపిస్తానని 1857లో అరవై దాటిన వయసులో కొండకి తిరిగొచ్చాడు. జూన్ 27న ఒంటరిగా బయల్దేరి, దారి తప్పి, ఒక జలపాతం పైనుంచి జారిపడి చనిపోయాడు. రోజుల తరబడి జనం వెతికారు. చివరికి ఆ కొండల్లో ఎలుగుబంట్లని వేటాడే బిగ్ టామ్ విల్సన్ అనే ఆయన అడుగుజాడలు పట్టుకుని వెళ్ళి, దాదాపు 40 అడుగుల జలపాతం కింద మడుగులో శవాన్ని చూశాడు. మిచెల్ జేబు గడియారం 8 గంటల 19 నిమిషాల దగ్గర ఆగిపోయి ఉంది. ముందు ఆష్‌విల్‌లో ఖననం చేశారు, ఏడాది తర్వాత 1858లో ఇక్కడికి, కొండ కొసకి తెచ్చారు. ఆయన లెక్కే సరైనదని తర్వాతి సర్వేలు తేల్చాయి, కొండకి ఆయన పేరే నిలిచింది.

క్లింగ్‌మన్ పేరు కూడా ఒక శిఖరానికి పెట్టారు, స్మోకీ మౌంటెన్స్‌లో మనవాళ్ళంతా వెళ్ళే క్లింగ్‌మన్స్ డోమ్ అదే. 2024లో దానికి చెరోకీ జాతివాళ్ళ పాత పేరు కువోహి తిరిగి ఇచ్చారు. దాని ఎత్తు 6,643 అడుగులు, గురువు గారి కొండకి 41 అడుగులు తక్కువ. నాకు ఈ కథ మొత్తంలో మనసుకి పట్టుకున్నది గెలుపోటములు కాదు, ఒక అంకె సరిగ్గా ఉండాలని ఆ మనిషి పడ్డ పట్టుదల. సమాధి దగ్గర పది నిమిషాలు నిలబడండి, టవర్ కన్నా అది ముఖ్యం.

ఆ పక్కనే తెలుసుకోవాల్సిన ఇంకో పేరు లాక్ క్రెయిగ్. 1913 నుంచి 1917 దాకా ఆ రాష్ట్ర గవర్నర్. అప్పటికి కలప కంపెనీలు ఈ కొండల మీదికి రైలు పట్టాలు వేసి స్ప్రూస్, ఫర్ చెట్లని నరుక్కుంటూ పైకి వచ్చేస్తున్నాయి. ఇంకొన్నేళ్ళు ఊరుకుంటే కొస కూడా బోడిగుండు అయ్యేది. క్రెయిగ్ పట్టుబట్టి 1915లో శాసనసభ చేత చట్టం చేయించి, శిఖరాన్ని ప్రభుత్వం తరఫున కొనిపించాడు. స్టేట్ పార్క్ అలా పుట్టింది. ఎవరి లాభానికో పోవాల్సిన చోటుని అందరిదీ చేసిన ఆ నిర్ణయం వల్లే మా అమ్మ పైసా కట్టకుండా అక్కడ నిలబడగలిగింది.

ఇక మబ్బు సంగతి. టవర్ దగ్గర్నుంచి బాల్సమ్ ట్రయిల్ అని ముప్పావు మైలు బాట ఉంది, అందులోకి దిగాం. వాన లేదు, కానీ చెట్ల కింద టపటపా నీళ్ళు పడుతున్నాయి. నాన్న ఒక ఫర్ కొమ్మ కింద అరచెయ్యి పెట్టి నిలబడితే కాసేపటికి చెయ్యి తడిసిపోయింది. మబ్బులోని సన్నటి తుంపరని ఈ సూదుల్లాంటి ఆకులు పట్టుకుంటాయి, తుంపర తుంపర కలిసి బొట్టయి జారుతుంది. ఈ అడవికి కావాల్సిన నీళ్ళలో మంచి భాగం ఇలాగే వస్తుంది, ఇక్కడి నాచు, నేల మీద పరుచుకున్న మెత్తటి పచ్చదనం అంతా దీని చలవే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఈ కొస మబ్బులోనే ఉంటుంది. మబ్బు లేని రోజు కోసం కాచుక్కూర్చుంటే ఈ అడవి బతికే తీరు మనకి కనపడదు.

చెట్లని దగ్గరగా చూడండి. స్ప్రూస్ ఆకు వేళ్ళ మధ్య దొర్లుతుంది, పలకలుగా ఉండి కొస గుచ్చుకుంటుంది. ఫర్ ఆకు చదునుగా ఉంటుంది, దొర్లదు, తిప్పి చూస్తే అడుగున రెండు తెల్లటి చారలు. స్ప్రూస్ కాయలు కిందికి వేలాడతాయి, ఫర్ కాయలు కొమ్మ మీద నిటారుగా కూర్చుంటాయి. ఫ్రేజర్ ఫర్ బెరడు మీద చిన్న చిన్న బంక బుడిపెలుంటాయి, దగ్గరికి వెళ్తే కర్పూరం డబ్బా తెరిచినట్టు ఘాటుగా వాసన. డిసెంబర్‌లో ఇళ్ళలో పెట్టే క్రిస్మస్ చెట్లలో ఈ జాతివి చాలానే ఉంటాయి, అవి తోటల్లో పెంచినవి. సొంతంగా అడవిలో పెరిగేది మాత్రం దక్షిణ అపలాచియన్ కొండల కొసల్లోనే, ఇంకెక్కడా లేదు.

మధ్యమధ్యలో తెల్లగా ఎండిపోయిన మోళ్ళు కనిపిస్తాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. యూరప్ నుంచి వచ్చిన ఒక చిన్న పురుగు, బాల్సమ్ వూలీ అడెల్జిడ్ అంటారు, 1950లలో ఈ కొండ మీద బయటపడింది. బెరడు మీద తెల్లటి దూది చుక్కల్లా కనపడుతుంది, పెరిగిన చెట్లని చంపేస్తుంది. దానికి తోడు బొగ్గు కరెంటు ప్లాంట్ల పొగ వల్ల మబ్బులోనే ఆమ్లం చేరింది, 1980లలో ఇక్కడ దాని మీద చాలా పరిశోధన జరిగింది. తర్వాత 1990లో దేశం స్థాయిలో, 2002లో ఆ రాష్ట్రంలో చట్టాలు వచ్చి పొగ బాగా తగ్గింది. ఇప్పుడు మోళ్ళ కింద గుబురుగా పిల్ల ఫర్ చెట్లు లేస్తున్నాయి. పురుగు ఇంకా పోలేదు, ఇవి పెద్దయ్యాక దాన్ని తట్టుకోవాలి. బాట వదిలి వాటి మీద అడుగెయ్యొద్దు, ఫొటో కోసం అసలే వద్దు.

నడవగలిగినవాళ్ళు మౌంట్ క్రెయిగ్ కూడా వెళ్ళాలి, ఇందాక చెప్పిన గవర్నర్ పేరే. ఎత్తు 6,647 అడుగులు, తూర్పున రెండో స్థానం. పార్కింగ్ దగ్గర పిక్నిక్ చోటు నుంచి దారి మొదలవుతుంది, వెళ్ళడానికి ఒక మైలు, రావడానికి ఒక మైలు. ముందు దిగి మళ్ళీ ఎక్కాలి, రాళ్ళు తడిగా ఉంటే జారుతాయి, చెప్పులతో వెళ్ళకండి. అమ్మ కారులో కూర్చుంటానంది, నేనూ నాన్నా వెళ్ళాం. ఆ దారిలో మనుషులు చాలా తక్కువ. నాన్న వేగం నాకన్నా ఎక్కువే, ప్రతి మలుపులో నా కోసం ఆగాల్సి వచ్చింది.

వెళ్ళేముందు ఒక్కటి మర్చిపోవద్దు. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను ఈ ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది, ఈ కొండ మీద గాలి గంటకి 106 మైళ్ళ వేగం అందుకుంది, పార్క్ దాదాపు ఏడాది మూతపడింది, పార్క్‌వే చాలాచోట్ల తెగిపోయింది. చలికాలంలో మంచు పడ్డా పార్క్‌వే మూసేస్తారు. కాబట్టి పార్క్ వెబ్‌సైట్‌తో పాటు నేషనల్ పార్క్ సర్వీస్ పెట్టే పార్క్‌వే రోడ్ల స్టేటస్ కూడా చూసుకోండి, జీపీఎస్‌ని ఒక్కదాన్నే నమ్మొద్దు. తిండి, మంచినీళ్ళు మీరే పట్టుకెళ్ళండి. రాత్రి ఉండాలంటే టెంట్లకి కొద్ది చోట్లే ఉన్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. వెదర్ యాప్‌లో మబ్బు గుర్తు కనిపిస్తే మాత్రం ప్లాన్ మార్చుకోకండి, ఇంకో స్వెటర్ పెట్టుకుని బయల్దేరండి.