సోంపేట బీలలో గెద్ద

మనిషికి 1,800 రూపాయలు. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలలో, అంటే అక్కడి చిత్తడి నేలలో, పెద్ద మచ్చల గద్దను చూపిస్తాం, జీపూ టిఫినూ మావే అన్నారు విశాఖ టూరువాళ్ళు. ఆ టిఫిను చల్లారిపోయిన మూడు ఇడ్లీలు, కవర్లో కట్టిన నీళ్ళ చట్నీ. అదే టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్తే చింతచెట్ల మీద గూడబాతుల్ని, ఎర్రకాళ్ళ కొంగల్ని మెడ నొప్పెట్టేదాకా చూడొచ్చు. కానీ గద్ద అనేసరికి మనసాగలేదు.

దారి సంగతి చెప్పడానికేం లేదు, పలాస రాకముందే నిద్రపోయాను. తెల్లారేసరికి గట్టు మీదున్నాం. జనవరి మంచు. ముందర తుంగ, తర్వాత నీళ్ళు, ఆపైన ఏమీ లేదు. నేను తప్ప అందరి చేతుల్లోనూ మూరెడు లెన్సులు. నా దగ్గరున్నది మా బావమరిది బైనాక్యులర్స్, అదీ ఒక కన్నే పనిచేస్తుంది.

గైడు కుర్రాడికి విషయం తెలుసు, ఆ మాట ఒప్పుకోవాలి. ఈ గద్ద తూర్పు ఐరోపా, రష్యాల్లోని తడి అడవుల్లో గూడు కట్టి, చలికాలానికి మన దేశపు చిత్తడి నేలలకి దిగుతుందట. ప్రపంచం మొత్తం మీద ఈడొచ్చిన గద్దలు పదివేలకు మించవని అంచనా. చిత్తడి నేలలు ఎండగట్టేయడమే దీనికి పెద్ద దెబ్బ. తెల్లమచ్చలు చిన్న వయసులోనే స్పష్టంగా ఉంటాయి, ముదిరితే ఒళ్ళంతా ముదురు గోధుమరంగే. "గాల్లో తేలేటప్పుడు రెక్కలు పైకెత్తి పడితే పిల్లిగెద్ద. బల్లపరుపుగా, కొసలు కాస్త వాల్చి పడితే మనది" అన్నాడు.

ముందుగా వచ్చింది పిల్లిగెద్దే. తుంగని రాసుకుంటూ, తల కిందికి వేసి వెతుక్కుంటూ పోయింది. ఒకచోట గాల్లోనే ఆగి కాళ్ళు జార్చింది, ఏమనుకుందో మళ్ళీ లేచిపోయింది. ఎవరూ కెమెరా ఎత్తలేదు. "అది కామనే సార్" అన్నాడొకాయన. నాకు ఒళ్ళు మండింది. అదీ చలికాలం చుట్టమే, ఎక్కడినుంచో రెక్కలు నొప్పెట్టేలా ఎగిరొచ్చిందే కదా.

అప్పుడే భుజాన వల, మోకాళ్ళదాకా బురదతో ఒక తాత గట్టెక్కాడు.

"ఏటి బాబూ, పొద్దున్నే ఇంతమందొచ్చారు? ఏటి సూత్తన్నారు?"

"గెద్దని తాతా."

"దానికి డబ్బులిచ్చారేటి?"

ఎంతో చెప్పాను. వల కిందికి దించి మరీ నన్ను ఎగాదిగా చూశాడు. "ఆ నల్లదా? అది ఇప్పుడే ఎగరదు. ఎండెక్కాల. అదిగో, ఆ మూల తాటిసెట్టు మీదుంటాది."

నిజంగానే ఉంది. గైడు స్కోపు అటు తిప్పాడు. తాటిమట్ట మీద, మంచుకి ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. కాళ్ళకి వేళ్ళదాకా ఈకలే, లాగు తొడిగినట్టు. ఎండ తగిలాక లేచి మా నెత్తి మీదుగానే పోయింది. రెక్కలు బల్లపరుపు, కొసలు కిందికి. ఇక కెమెరాల టకటక తప్ప ఇంకో చప్పుడు లేదు.

వాళ్ళు ఫోటోల గొడవలో పడ్డాక నేను తాత పక్కన కూర్చున్నాను. ఇడ్లీ ఇస్తే తిన్నాడు, చట్నీ వద్దన్నాడు. తెలివైనవాడు. 2010 సంగతి తనే ఎత్తాడు. ఈ బీలలో థర్మల్ ప్లాంటు కడతామంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ అడ్డం పడ్డాయి. జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్లాంటు అనుమతిని కొట్టేసింది. "సేపలు, తుంగ, సేలకి నీళ్ళు, అన్నీ దీన్లోవే బాబూ. గెద్ద కోసం కాదు మేం కూకున్నది" అన్నాడు. గైడు ఉపన్యాసంలో ఈ ముక్కే లేదు. నేల ఎండితే గద్ద రాదని చెప్పినవాడు, ఈ నేలని ఎండకుండా ఆపిందెవరో చెప్పొద్దూ?

డొమినికన్ రిపబ్లిక్‌లో రిడ్జ్‌వే డేగ అని ఒకటుంది, అంతరించిపోయే దశకొచ్చింది. దాన్ని చూపించడానికీ టూర్లున్నాయి. కోడిపిల్లల్ని ఎత్తుకుపోతుందని అక్కడి పల్లెల్లో దాన్ని చంపేసేవారు. (మా అమ్మ చేతిలో తుపాకీ లేదు గానీ, పెరట్లో గెద్ద నీడ పడితే పిల్లల్ని గంప కింద తోసి తిట్టే తిట్లకే అది చావాలి.) అక్కడ వేటపక్షుల్ని కాపాడే పెరిగ్రిన్ ఫండ్ అనే సంస్థవాళ్ళు 2000లో పని మొదలుపెట్టి, ఊళ్ళవాళ్ళకి కోళ్ళగూళ్ళు ఇచ్చారు, డేగ గూళ్ళని కనిపెట్టుకుని ఉండే పనికి స్థానికులనే జీతానికి పెట్టుకున్నారు. మన దగ్గర గైడూ జీపూ విశాఖ నుంచి, డబ్బూ తిరిగి విశాఖకే.

"తాతకేమైనా ఇస్తారా?" అని అడిగితే "ప్యాకేజీలో అది లేదు సార్" అన్నాడు గైడు. నేను రెండొందలిస్తే తాత మొహమాటపడకుండా పంచె మడతలో దోపుకుని, "మళ్ళా వొత్తే సెప్పండి, ముందే సూసుంచుతాను" అని ఫోన్ నంబరిచ్చాడు.

ఫిబ్రవరి ఆఖర్లో గైడు నుంచి వాట్సాప్. వచ్చే ఆదివారం మళ్ళీ ట్రిప్పు, 2,200, "తాటిచెట్టు స్పాట్, గ్యారంటీ సైటింగ్". తాతకి ఫోన్ చేశాను.

"అదింకెక్కడిది బాబూ, శివరాత్రికి ముందే ఎలిపోనాది" అన్నాడు.