సీటు లేని ఫ్రేము కోసం ఏడు వారాలు: నా అనుభవం

నిన్న రాత్రి పదకొండున్నరకి చివరి బోల్టు బిగించాను. గోళ్ళ సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు. బెంగళూరు మారతహళ్ళిలో మా రూము బాల్కనీలో కొత్త ఫ్రేముతో నా ట్రయల్స్ సైకిలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కొత్తగా నేర్చుకుంటూ ఫ్రేము మార్చాలా వద్దా అని అడిగేవాళ్ళకి నా జవాబు ముందే చెప్పేస్తా. పాత ఫ్రేము పగుళ్ళివ్వకపోతే, మీ ఒంటికి మరీ చిన్నదో పెద్దదో కాకపోతే, మార్చకండి. నేను మార్చాను. ఏడు వారాలు పట్టింది, అందులో రెండు వారాలు ఒక కిటికీ ముందు పోయాయి.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు మాటలు. బండలు, దుంగలు, గోడలు కాలు కింద ఆనించకుండా సైకిలు మీదే ఎక్కి దిగడం ట్రయల్స్. సీటుండదు, గేర్లుండవు. మామూలు సైకిల్లో వెనక హబ్బులో, అంటే చక్రం మధ్య భాగంలో, ఉండే ఫ్రీవీలు ఇందులో పెడళ్ళ దగ్గర ఉంటుంది. చక్రాలు 20 అంగుళాలవి ఒక రకం, 26 అంగుళాలవి ఇంకో రకం. 2009లో ఎడిన్‌బరో వీధుల్లో డానీ మెకాస్కిల్ ఇనుప కంచె మీద సైకిలు నడిపిన వీడియో చూసి చాలామంది ఇందులోకి వచ్చారు, నేనూ అంతే. ఆయన ఆ రోజు నడిపింది మాత్రం 24 అంగుళాల చక్రాల సైకిలు, దానికి సీటు కూడా ఉంది. అది వీధి రకం. ఇది తెలియక మొదట్లో చాలామంది తప్పు సైకిలు కొంటారు.

నాది 20 అంగుళాలది. ఉద్యోగం మారి విదేశం వెళ్ళిపోతున్న ఒకతని దగ్గర సెకండ్ హ్యాండులో 32 వేలకి కొన్నాను. ఏడు నెలలు ఒక్క రోజు మానకుండా పొద్దున ఆరింటికల్లా మా అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో సాధన చేశాను. కదలకుండా నిలబడటం రెండు నెలల్లో వచ్చింది. వెనక చక్రం మీద గెంతడం దగ్గర ఆగిపోయాను. ఆరు గెంతులు, ఏడో గెంతుకి ముందు చక్రం ధబ్బుమని నేలకి. వారాల తరబడి అదే ఏడు.

తప్పు ఫ్రేముదే అనుకున్నాను. కారణం ఉంది. పెడళ్ళ ఇరుసు తిరిగే చోటుని బీబీ అంటారు. పాత ఫ్రేములో అది చక్రాల ఇరుసుల గీతకన్నా ఒక 10 మి.మీ. మాత్రమే పైన ఉంది. ఇప్పటి పోటీ ఫ్రేముల్లో 50, 60, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. బీబీ ఎత్తుగా ఉంటే వెనక చక్రం మీదకి లేవడం సులువు. ఇది నిజమే, ఎవరిని అడిగినా చెప్తారు. తురహళ్ళి రాళ్ళ దగ్గర కలిసే ఒక తమిళ అన్న మాత్రం నా బ్రేకు లివరు ఒకసారి నొక్కి చూసి, "ముందు దీని సంగతి చూడు తమ్ముడూ, ఫ్రేము తర్వాత" అన్నాడు. నేను వినలేదు.

స్పెయిన్‌లోని ఒక దుకాణం నుంచి ఆర్డరు పెట్టడం అరగంట పని. పన్నెండో రోజుకి పార్సిలు బెంగళూరులో దిగింది.

తర్వాత కొరియరు వాళ్ళ దగ్గర్నుంచి మెయిలు. సరుకు వివరణ స్పష్టంగా లేదు, కస్టమ్స్‌కి పత్రాలు కావాలి అని. ఆధార్ పెట్టాను, బిల్లు పెట్టాను, బ్యాంకు కాగితం పెట్టాను. మూడు రోజులకి మళ్ళీ అదే మెయిలు, అక్షరం తేడా లేకుండా. ఫోను చేస్తే ఒక్కో రోజు ఒక్కో మనిషి, ప్రతివాళ్ళకీ కథ మొదటినుంచి. చివరికి ఆఫీసుకి సెలవు పెట్టి, విమానాశ్రయానికి వెళ్ళే వాయు వజ్ర బస్సెక్కి దేవనహళ్ళి వైపు వాళ్ళ కార్గో ఆఫీసుకి వెళ్ళాను.

అక్కడ ఒక కిటికీ, ముందు పదిహేనుమంది. రెండున్నర గంటలు నిలబడ్డాక నా వంతు వచ్చింది. కిటికీ వెనకాయన నా బిల్లు మీదున్న బొమ్మని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "సీట్ ఎల్లి?" అన్నాడు, సీటెక్కడ అని కన్నడంలో. సీటుండదు సార్, ఇది ట్రయల్స్ సైకిలు అన్నాను. సీటు పెట్టే గొట్టం కూడా లేదు కదా, సైకిలెలా అవుతుంది, మోటార్‌సైకిల్ పార్టు తెప్పించి సైకిలని రాయిస్తున్నావా అన్నాడు. గట్టిగా, లైన్లో అందరికీ వినపడేలా. ఫోన్లో వీడియో చూపించబోతే చూడనన్నాడు. పక్క సీటాయన వంగి బొమ్మ చూసి, ముప్పై ఏళ్ళ మనిషికి పిల్లల సైకిలు ఎందుకని నవ్వాడు. వెనక నిలబడ్డవాళ్ళూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. నేను కష్టపడి సంపాదించిన డబ్బుతో కొన్న వస్తువు, బిల్లు నా చేతిలో ఉంది, అయినా దొంగసరుకు తెచ్చినవాడిలా నిలబడాల్సొచ్చింది. "కేటలాగు తీసుకుని రా" అని కాగితాలు కిటికీలోంచి తోసేశాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన అడిగిన ప్రశ్న పూర్తిగా తప్పు కాదు. సైకిల్ ట్రయల్స్ పుట్టిందే మోటార్‌సైకిల్ ట్రయల్స్‌లోంచి. మోంటేసా మోటార్‌సైకిళ్ళ కంపెనీలో పనిచేసిన పెరె పి తన కొడుకు ఓట్ పి కోసం చిన్న సైకిలు తయారు చేయించాడు, ఆ పిల్లాడు పెద్దయ్యాక ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కస్టమ్స్ కోడుల్లోనూ తేడా చాలా చిన్నది. మోటార్‌సైకిల్ విడిభాగాలు 8714.10, సైకిలు ఫ్రేములు 8714.91. అనుమానం రావడం సహజం. అడగాల్సిన పద్ధతి మాత్రం అది కాదు. తెలియని వస్తువు కనిపిస్తే తెలుసుకోవాలి, తెచ్చుకున్నవాడి పరువు తీయకూడదు.

రెండోసారి వెళ్ళినప్పుడు కేటలాగు ప్రింటు ఉంది, ఆ మనిషి లేడు. రేపు రమ్మన్నారు. బయట మెట్ల మీద కూర్చుని అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే, పక్కన టీ తాగుతున్న లోడింగ్ అతను "ఏ ఊరన్నా మీది?" అన్నాడు. హిందూపురం అన్నాను. అతనిది మడకశిర. కాగితాలు చూపించమన్నాడు. "బిల్లు మీద ట్రయల్ ఫ్రేమ్ అని మాత్రమే ఉందన్నా. ట్రయల్ అంటే వీళ్ళకి శాంపిల్ సరుకు అనిపిస్తది. సైకిల్ అనే మాటే లేదు చూడు." నేను వందసార్లు చూసిన బిల్లు అది. నిజంగానే సైకిల్ అనే మాట లేదు.

ఆ రాత్రే స్పెయిన్ దుకాణానికి రాస్తే మర్నాటికి కొత్త బిల్లు వచ్చింది: అల్యూమినియం సైకిలు ఫ్రేము, సీటు లేనిది, క్రీడ కోసం, 8714.91. నాలుగో రోజుకి విడుదలైంది. పన్ను ఫ్రేము ధర మీద మాత్రమే అనుకున్నా. రవాణా ఖర్చు, ఇన్సూరెన్సు కూడా కలిపి లెక్కేస్తారు. పైన రోజుకింతని గోడౌను అద్దె. వాళ్ళు చేసిన ఆలస్యానికి నేను కట్టాను. మధ్యలో ఒక ఏజెంటు ఫోను చేసి ఐదు వేలిస్తే రెండు రోజుల్లో తెప్పిస్తానన్నాడు. ఎవరికీ అలా ఇవ్వకండి. బిల్లు మీద నాలుగు మాటలు సరిగ్గా ఉంటే చాలు.

అసలు విషయం ఇది. ఈ తిరుగుళ్ళ మధ్యలో, చేసేదేం లేక, తమిళ అన్న మాట విని వెనక చక్రాన్ని మా వీధి చివర వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళాను. ట్రయల్స్‌లో రిమ్ము పక్కలని గ్రైండరుతో గరుకు చేయిస్తారు. అది ఉంటేనే బ్రేకు ప్యాడ్‌కి పట్టు దొరుకుతుంది. నా రిమ్ము మీద పాత గరుకు అరిగి అద్దంలా నున్నగా అయిపోయింది, నేను గమనించనే లేదు. షాపు కుర్రాడు చక్రాన్ని నిదానంగా తిప్పుతూ గ్రైండరు డిస్కుని ఏటవాలుగా ఆనించి, ఒక్కో చోట ఒక్క క్షణం మించి ఉంచకుండా, వేలి గోరు తగిలితే గీసుకునేలా చేశాడు. మూడు వందలు తీసుకున్నాడు. మర్నాడు పొద్దున అదే పాత ఫ్రేము మీద పదిహేను గెంతులు గెంతాను. ఏడో గెంతుకి నన్ను కింద పడేసింది జారుతున్న బ్రేకే. గెంతే ముందు వెనక చక్రం బిగిసిపోవాలి. అది ఒక వేలెడు జారినా బరువు ముందుకొచ్చేస్తుంది. అప్పటికి ఫ్రేము డబ్బులు కట్టేసి ఉన్నాను.

ఫ్రేము వచ్చాక ఇంకో ఖర్చు. పాతదాని మీద మామూలు తీగ బ్రేకు (వీ-బ్రేకు) బిగించే బొడిపెలున్నాయి. కొత్తదాని మీద నాలుగు బోల్టుల హైడ్రాలిక్ బ్రేకు మాత్రమే పడుతుంది, కాబట్టి మాగురా హెచ్‌ఎస్33 అనే బ్రేకు కొనాల్సొచ్చింది. ఆ బ్రేకుని పాత ఫ్రేములాంటి వీ-బ్రేకు బొడిపెల మీద బిగించే అడాప్టరు కూడా దొరుకుతుందని కొన్నాక తెలిసింది. బీబీ గొట్టం వెడల్పు పాతది 68 మి.మీ., కొత్తది 73. బీబీ కొత్తది. చెయిను పొడవు చాలక అదీ కొత్తదే. ఫ్రేము మీద పెట్టినంతలో దాదాపు సగం మళ్ళీ ఈ చిల్లర సామాన్లకి పోయింది. ఫ్రేము కొనేముందు బీబీ వెడల్పు, హబ్బు వెడల్పు, బ్రేకు బిగించే చోటు, ఈ మూడూ కొలిచి రాసి పెట్టుకోండి. 20 అంగుళాల వాటి వెనక హబ్బు సాధారణంగా 116 మి.మీ., 26 వాటిది 135. ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

ఈ పొద్దున మొదటిసారి తొక్కాను. వెనక చక్రం మీదకి నిజంగానే చిటికెలో లేస్తోంది. అంతే చిటికెలో వెనక్కి పడేస్తోంది కూడా. రెండుసార్లు వీపు నేలకి తగిలింది. బీబీ ఎత్తు పెరిగితే నిలకడ తగ్గుతుంది, పాత ఫ్రేము ఇలాంటి తప్పులు చాలా క్షమించేది. గెంతులు పదకొండు దాటలేదు. పక్కకి గెంతి ఎక్కడం మాత్రం పాత ఫ్రేము మీదే, పోయిన ఆదివారం, సరుకు పేర్చే చెక్క ప్యాలెట్లు నాలుగింటి ఎత్తుకి తెచ్చాను. దాదాపు 58 సెంటీమీటర్లు. మొదలుపెట్టిన ఎనిమిది నెలల్లో, నేర్పే గురువు లేకుండా, బేస్‌మెంటులో సాధించాను. ఆ సంగతి గర్వంగానే చెప్పుకుంటాను.

పాత ఫ్రేము అమ్మట్లేదు. మంచం కింద గోనెసంచిలో చుట్టి పెట్టాను. ముందు చక్రం మీద కాస్త బరువు పడేలా పొడుగు స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) వేసి చూడమని తమిళ అన్న చెప్పాడు. ఆయన దగ్గరున్నది అరువిస్తానన్నాడు. ఆదివారం తురహళ్ళి వెళ్ళి తెచ్చుకోవాలి.