అప్పు ఫారం పక్కన పెట్టిన రోజు

పొద్దున మా చిన్న వ్యాపారుల సహాయ కేంద్రం తలుపు తీసేసరికే ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో సంచి, సంచిలో నోటుపుస్తకం, పుస్తకం మధ్యలో మడతలు పడ్డ బిల్లులు. "సార్, లోన్ ఫారం ఇస్తారా? ఎక్కడ సంతకం పెట్టాలో చెబితే పెట్టేస్తాను" అంది. సంచులు కుట్టించే పని ఆమెది. నాలుగు మిషన్లు, ముగ్గురు పనివాళ్లు. ఆర్డర్లకు కొదవ లేదట, చేతిలో డబ్బే నిలవడం లేదట.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఫారాలు నింపించడమే నా పని. చెయ్యి అలవాటుగా సొరుగు వైపు వెళ్లింది. ఫారం తీశాను కూడా. పేరు రాయబోతూ ఆగి, "ఆ పుస్తకం ఒకసారి చూడనివ్వండమ్మా" అన్నాను. ఇవ్వడానికి మొహమాటపడింది. "ఇంటి లెక్కలు కూడా అందులోనే ఉన్నాయి సార్, అంతా కలగాపులగం."

గంటన్నర పట్టింది విడదీయడానికి. ఆమెకు రావలసిన బాకీ, ఆమె అడుగుతున్న అప్పు కంటే ఎక్కువని తేలింది. ఒకే ఒక్క పెద్ద కొనుగోలుదారు మూడు నెలలుగా నాలుగు బిల్లులు ఆపి ఉంచాడు. గట్టిగా అడిగితే తర్వాతి ఆర్డర్ పోతుందని ఈమె భయం. అందుకని గుడ్డ అరువు తెస్తోంది. అరువు కాబట్టి ధర కాస్త ఎక్కువ పడుతోంది. కుట్టేవాళ్లకు మాత్రం వారం వారం రొక్కం ఇవ్వాల్సిందే. అంటే తనకంటే ఎన్నో రెట్లు పెద్ద వ్యాపారానికి ఈమె వడ్డీ లేకుండా అప్పు పెడుతోంది, ఆ లోటు పూడ్చుకోవడానికి వడ్డీకి అప్పు అడగడానికి వచ్చింది. కాగితం మీద అంకెలు వేసి చూపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "అంటే నేను లాభంలోనే ఉన్నానా సార్?" అని అడిగింది.

ఆ మాట ఇంకా వదల్లేదు నన్ను. ఎన్నేళ్లుగా తను నష్టంలో ఉన్నాననుకుంటూ బతికిందో!

ఈ ఆలస్యపు చెల్లింపుల గోడు ఎక్కడైనా ఉన్నదే. యూరోపియన్ యూనియన్ దీనికోసం 2011లో ఒక ఆదేశమే తెచ్చింది. ప్రభుత్వ కార్యాలయాలు మామూలుగా 30 రోజుల్లో బిల్లు కట్టాలి, గడువు దాటితే అడక్కుండానే వడ్డీ పడుతుంది. చట్టం ఉండటం వేరు, చిన్నవాడు దాని పేరు చెప్పి పెద్దవాణ్ణి నిలదీయగలగడం వేరు. ఆ ధైర్యం పక్కన మనిషి ఉంటేనే వస్తుంది. నా మటుకు నేను సహాయ కేంద్రం అంటే ముందుగా అదే అనుకుంటాను, అప్పు ఆ తర్వాతి మాట.

వెళ్లేముందు ఆమెకు ఒక్క పనే చెప్పాను. ఈ రోజు నుంచి రెండు డబ్బాలు పెట్టుకోండి, ఒకటి ఇంటికి, ఒకటి పనికి. ఒకదాన్నుంచి ఇంకోదానికి డబ్బు తీస్తే చీటీ రాసి అందులో వెయ్యండి. నెలకు ఇంత అని మీ జీతం మీరు తీసుకోండి. ఇది నా తెలివి కాదు. డొమినికన్ రిపబ్లిక్‌లో చిరు వ్యాపారుల మీద చేసిన ఒక పరిశోధన 2014లో అచ్చయింది. కొందరికి పద్ధతి ప్రకారం అకౌంటింగ్ నేర్పారు, కొందరికి ఇలాంటి చిన్న చిన్న సూత్రాలు చెప్పారు. అకౌంటింగ్ పాఠాల వల్ల చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు, డబ్బు విడిగా పెట్టుకోమన్న సూత్రాలు మాత్రం లెక్కల తీరును మార్చాయి. అది చదివాక, మేము అచ్చు వేయించిన లావుపాటి శిక్షణ పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వడం మానేశాను.

టోగోలో జరిగిన ఇంకో ప్రయోగం సంగతి కూడా చెబుదామనుకున్నాను, ఆమెకు మిషన్ల దగ్గరికి వెళ్లాల్సిన వేళైంది. అక్కడ 1,500 మంది చిరు వ్యాపారులను మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు వ్యాపార శిక్షణ, ఒక భాగానికి ముందుచూపుతో చొరవగా అడుగు వెయ్యడం మీద శిక్షణ, మూడో భాగానికి ఏ శిక్షణా లేదు. 2017లో వచ్చిన ఫలితాల్లో చొరవ నేర్చుకున్నవాళ్ల లాభాలు సుమారు 30 శాతం పెరిగాయి. మామూలు శిక్షణ వల్ల వచ్చింది 11 శాతమే, అదీ గట్టిగా నమ్మదగ్గ తేడా కాదన్నారు. మళ్లీ వచ్చినప్పుడు చెప్పాలి. బాకీ అడగడం కూడా చొరవే కదా.

మధ్యాహ్నం ఖాళీ గోదామును ఏం చెయ్యాలన్నదాని మీద మీటింగు. దాన్ని ఏదైనా ఒక పెద్ద కంపెనీకి ఇచ్చేస్తే సమస్య తీరిపోతుందని ఎక్కువమంది మాట. బటావియా కథ చెప్పాను. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆ ఊళ్లో వ్యవసాయ యంత్రాల ఫ్యాక్టరీ మూతపడి, బ్రహ్మాండమైన భవనం ఖాళీగా మిగిలింది. 1959లో ఆ భవనం బాధ్యత చూస్తున్న జోసెఫ్ మాంకూసో అంత చోటూ తీసుకునే ఒక్క కంపెనీ కోసం వెతికాడు, దొరకలేదు. అప్పుడు దాన్ని ముక్కలు చేసి చిన్నవాళ్లకు అద్దెకిచ్చాడు, ఆఫీసు పనుల్లో సాయం, సలహా కూడా అందించాడు. అద్దెకు దిగినవాళ్లలో కోడిపిల్లల్ని పొదిగించే సంస్థ ఒకటి ఉండేది. గుడ్లు పొదిగే యంత్రాన్ని ఇంక్యుబేటర్ అంటారు కదా, చిన్న సంస్థలకు చోటూ సాయమూ ఇచ్చి పెంచే చోటికి ఇవాళ అందరూ వాడే 'బిజినెస్ ఇంక్యుబేటర్' అన్న పేరు అక్కడినుంచే పుట్టింది.

కొలరాడోలోని లిటిల్‌టన్ సంగతీ చెప్పాను. ఊరికి ఆధారమైన పెద్ద కంపెనీ వేలమందిని తీసేస్తే, 1980ల చివర్లో ఆ ఊరు బయటి కంపెనీలకు రాయితీలిచ్చి పిలవడం పక్కన పెట్టింది. ఉన్న చిన్న సంస్థలకే మార్కెట్ సమాచారం, కొనేవాళ్లు ఎక్కడున్నారో చూపే మ్యాపులు, పోటీదారుల వివరాలు సమకూర్చింది. ఎకనామిక్ గార్డెనింగ్ అన్నారు దాన్ని, ఉన్న మొక్కకు నీళ్లు పొయ్యడం లాంటిదే. "సమాచారం ఇస్తే సరిపోతుందా, డబ్బు వద్దా?" అని ఒకాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. డబ్బు కావాలి. ఎప్పుడు, దేనికి, ఎంత అన్నది తెలిశాక కావాలి. పొద్దున ఫారం నింపేసి ఉంటే ఆమె మెడకు ఇంకో వాయిదా చుట్టి పంపేవాణ్ణి.

నిర్ణయమేమీ జరగలేదు, వచ్చే నెలకు వాయిదా. నాకు ఎక్కువ బాధ కలిగించింది మాత్రం వేరే. అప్పు ఒక చోట, శిక్షణ ఒక చోట, రిజిస్ట్రేషన్ ఇంకో చోట, మూడు చోట్లా అవే కాగితాలు. మెషిన్ ఆపుకుని తిరిగే ప్రతి పూటా ఆమెకు కూలి నష్టం. ఒక్క కిటికీ దగ్గర అన్నీ తేలేలా చెయ్యడానికి కొత్త పథకం అక్కర్లేదు, కాగితాలు మనుషుల బదులు ఆఫీసుల మధ్య తిరిగితే చాలు. ఇది మీటింగులో సగమే చెప్పగలిగాను, టైమైపోయింది. రాసి ఇస్తాను.

రాత్రి భోజనం చేశాక ఆమె బిల్లుల నకళ్లు తేదీల వారీగా సర్దాను. కొనుగోలుదారుకు ఉత్తరం చిత్తు రాశాను, మర్యాదగా, నాలుగు బిల్లుల నంబర్లతో, చెల్లించాల్సిన తేదీతో. మూడో బిల్లు మీద సరుకు ముట్టినట్టు సంతకం లేదు. రేపు పదింటికి వస్తానంది. ముందు అది అడగాలి.