థైరాయిడ్ ఆపరేషన్‌లో మానిటర్ మూగబోతే

థైరాయిడ్ గ్రంథిని తొలగించే ఆపరేషన్‌లో సర్జను అవసరమూ, మత్తు డాక్టరు అవసరమూ ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. గొంతులోకి ట్యూబ్ సాఫీగా వెళ్లాలంటే స్వరతంత్రులు కదలకుండా ఉండాలి కాబట్టి కండరాలను సడలించే మందు ఇస్తాము. ఆ తర్వాత కాసేపటికే, శ్వాసనాళం పక్కగా పైకి వచ్చి ఆ తంత్రులను కదిలించే రికరెంట్ లారింజియల్ నరం క్షేమంగా ఉందని తెలుసుకోవడానికి అవే తంత్రులు కదలాలి. మత్తు డాక్టరుగా నా అభిప్రాయం ఏమిటంటే, ఈ పేచీ మందు గురించి కన్నా వేళ గురించి. ఆ వేళను కోత పెట్టకముందే ఇద్దరూ మాట్లాడుకోవాలి.

ఈ నరం ఎడమవైపు బృహద్ధమని వంపు కిందుగా, కుడివైపు సబ్‌క్లేవియన్ ధమని కిందుగా తిరిగి మళ్లీ మెడలోకి వస్తుంది. ప్రత్యేకమైన ట్యూబ్ మీది ఎలక్ట్రోడ్లు స్వరతంత్రులకు ఆనుకుని ఉంటాయి. సర్జను ప్రోబ్‌తో సుమారు 1 మిల్లీ ఆంపియర్ కరెంటు తాకించినప్పుడు కండరం ముడుచుకుంటే తెర మీద అల లేస్తుంది, బీప్ వినిపిస్తుంది. అంటే యంత్రం పట్టుకునేది కండరం స్పందననే. సడలింపు మందు నరానికీ కండరానికీ మధ్య కబురు మోసే రసాయనమైన ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటుంది కనుక, నరం చెక్కుచెదరకపోయినా తెర ఖాళీగా ఉండవచ్చు.

సడలింపు మందుల్లో ఒకటైన రోక్యురోనియం కిలోకు 0.6 మి.గ్రా. ఇస్తే ప్రభావం సాధారణంగా 30 నుంచి 40 నిమిషాలు ఉంటుంది. అందుకే కొందరు మోతాదు తగ్గిస్తారు. మరో సడలింపు మందు సక్సినైల్‌కోలిన్ పది నిమిషాలలోపే దిగిపోతుంది గాని, రక్తంలో పొటాషియం పెంచడం వంటి దాని చిక్కులు దానికున్నాయి. బొటనవేలి పరీక్షలో (దాని సంగతి కింద చెబుతాను) నాలుగు స్పందనల్లో రెండు తిరిగివచ్చిన దశలో, విరుగుడు మందు సుగమ్మాడెక్స్ కిలోకు 2 మి.గ్రా. ఇస్తే రోక్యురోనియం కొద్ది నిమిషాల్లోనే విడిచిపోతుంది. అట్రాక్యూరియం అనే మరో సడలింపు మందు మీద మాత్రం ఈ విరుగుడు పనిచేయదు. అట్రాక్యూరియం ఇచ్చినచోట ప్రభావం కొంత దిగేదాకా ఆగవలసిందే, ఎందుకంటే లోతైన సడలింపును పాత విరుగుడు నియోస్టిగ్మిన్ లాగలేదు. ఆ తర్వాత రోగి కదలకుండా చూడవలసింది ప్రొపోఫోల్, ఫెంటానిల్ వంటి మత్తు, నొప్పి మందులే. కాస్త దగ్గు రాగానే అలవాటుగా చేయి రిలాక్సెంట్ (సడలింపు మందు) సిరంజి వైపు వెళుతుంది. ఆ ఒక్క అదనపు మోతాదుతో తెర మీది అల పోతుంది.

మందు ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి మణికట్టు దగ్గర అల్నార్ నరానికి రెండు సెకన్లలో నాలుగు ప్రేరణలిచ్చి బొటనవేలు ఎన్నిసార్లు లోపలికి కదిలిందో చూస్తాము. స్వరపేటిక కండరాలు బొటనవేలి కన్నా ముందే కోలుకుంటాయి కాబట్టి, వేలు నాలుగుసార్లూ బలంగా కదిలినప్పుడు స్వరపేటిక మందు ప్రభావం వల్ల మౌనంగా ఉందనుకోవడం కష్టం.

తెర మీది సంకేతం 100 మైక్రోవోల్టుల కన్నా దిగువకు పడిపోతే దాన్ని పోయినట్టు లెక్కిస్తారు. అప్పుడు నరం తెగిందని హడావిడిపడకుండా, మందు మిగిలి ఉందా, మెడ వెనక్కి వంచినప్పుడు ట్యూబ్ తిరిగిపోయిందా, ప్రోబ్‌లో కరెంటు సరిగ్గా వస్తోందా అని వరుసగా చూడాలి. సర్జను స్వరపేటిక వెనుక వేలు ఆనించి, రికరెంట్ నరానికి మూలమైన వేగస్ నరాన్ని ప్రేరేపిస్తే, కండరం ముడుచుకుంటే ఆ చిన్న తోపు వేలికి తెలుస్తుంది. అవతలి వైపు వేగస్ స్పందిస్తూ ఇవతలిది స్పందించకపోతే యంత్రాన్నీ, మందునూ తప్పుపట్టలేము. ఇంత పట్టింపు ఎందుకంటే, మొదటివైపు సంకేతం నిజంగానే పోతే రెండోవైపు ఆపరేషన్ వాయిదా వేయడం మంచిది. రెండు తంత్రులూ చచ్చుబడితే ఊపిరే ఆడక ట్రాకియాస్టమీ (గొంతు ముందు శ్వాసనాళానికి రంధ్రం చేయడం) దాకా వెళ్లవచ్చు. మందు వల్ల వచ్చిన మౌనాన్ని గుర్తించకపోతే రోగికి అక్కర్లేని రెండో ఆపరేషన్ మిగులుతుంది.

వెన్నెముక ఆపరేషన్లలో కదలిక నాడులను పరీక్షించేటప్పుడూ ఇదే కథ. అక్కడ కండరాలు ఒక్కసారిగా ముడుచుకుంటాయి కనుక నాలుక తెగకుండా పళ్ల మధ్య మెత్తటి దిండు పెట్టడం మరువకూడదు. స్పర్శ మార్గాల పరీక్షకు మాత్రం రిలాక్సెంట్ అడ్డు కాదు. కండరాల రొద తగ్గి అల ఇంకా శుభ్రంగా కనిపిస్తుంది.

ట్యూబ్ తీసేవేళ లెక్క మారుతుంది. మింగే కండరాలు మందుకు తేలికగా లొంగుతాయి కాబట్టి, స్వరపేటిక అల బాగున్నంత మాత్రాన సరిపోదు. బొటనవేలి నాలుగో స్పందన మొదటిదానిలో కనీసం 0.9 వంతుకు చేరాలి. ఆ నిష్పత్తి 0.4 దాటాక తేడా కంటికీ, చేతికీ దొరకదు కాబట్టి దాన్ని యంత్రంతోనే కొలవాలి.